పిండపరీక్ష పిదప కర్తవ్యమేమి?

సంతానము కలుగని యింట నేడు జరుగు చర్చ మన తల్లులనాటి చర్చవంటిది కాదు. ఆనాడు నోములు, నాగప్రతిష్ఠలు, తీర్థయాత్రలు. అటుపిమ్మట విధియని యొక నిట్టూర్పు. ఈనాడు ప్రయోగశాలనుండి యొక కాగితము వచ్చును. దానిని జదువుట మనకు రాదు. చదివి చెప్పవలసినవారికి తీరిక యుండదు. ఆ కాగితము ప్రతికూలముగ వచ్చినపుడు ఆలుమగలు చేయదగిన దేమి, ఎవరి మాట వినవలెను, ఎంతవఱకు పోవలెను, ఎచ్చట నిలువవలెను అను విషయమును గూర్చి, మా యింట జరిగినదానిని ఆధారముగ జేసికొని, సోదరీమణులతో నాలుగు మాటలు చెప్పదలచితిమి. మేము వైద్యశాస్త్రము చదివినవారము కాము. చిన్ననాట మా తండ్రిగారు ఇంట జెప్పిన భారత భాగవతములే మా చదువు. ఐనను ఈ యాఱు మాసములలో అడిగియు, చదివియు తెలిసికొన్నది మఱియొక యింటికి పనికివచ్చునేమో యను నాసతో వ్రాయుచున్నాము.

మా ఆడపడుచు మాకంటె నొక్క యేడు చిన్నది. ఆమెకు 37 ఏండ్లు. వివాహమై తొమ్మిదేండ్లయినది. రెండుమారులు గర్భము నిలిచి, మూడవ మాసము నిండకమునుపే పోయినది. ఆ పిమ్మట నాలుగేండ్లు ఏమియు లేదు. మొన్నటి చైత్రమున ఆలుమగలు హైదరాబాదునందలి యొక సంతానసాఫల్యకేంద్రమునకు బోయి, ఐ.వి.ఎఫ్. అను చికిత్సకు సిద్ధపడిరి. పదునొకండు దినములు పొట్టపై సూదిమందు తానే వేసికొనుచు, ఆ కాలమంతయు కచేరికి సెలవు పెట్టక పనిచేసెను. తొమ్మిది అండములు తీసిరి. అందు ఏడు పక్వమైనవి, ఐదు ఫలించినవి, ఆఱవనాటికి మూడు పిండములు మిగిలినవి. ఆ మూడింటినుండి కొన్ని కణములు తీసి పరీక్షకు బంపి, పిండములను శీతలీకరించి యుంచిరి. నాలుగు లక్షలకు పైగా వ్యయమైనది. అందు సగము అప్పు.

మూడు వారములైన పిదప, ఆమె వంటయింట చారునకు పోపు వేయుచుండగా ఫోనునకు వార్త వచ్చినది. రెండు పిండములు దోషయుక్తములు, ఒకటి మొజాయిక్, మార్పిడికి యోగ్యమైనది లేదు. ఇంతే. దాని క్రిందనే, ఈ మాసాంతములోపల రెండవ ఆవృత్తికి రుసుము చెల్లించినచో తగ్గింపు గలదని మఱియొక పంక్తి. ఆ రెండవ పంక్తిని మేమింకను క్షమింపలేదు.

మఱునాటి రాత్రి గౌతమీ ఎక్స్‌ప్రెస్సున బయలుదేరి, తెల్లవారుజామునకు ఆమె రాజమహేంద్రవరమున మా గుమ్మము ముందు నిలిచెను. కాఫీ చేతికిచ్చినంతనే అడిగిన మొదటి మాట, "వదినా, దోషం నాలోనే ఉన్నదా?" అని. మా వారు ఉన్నతపాఠశాలలో గణితోపాధ్యాయులు. చెల్లెలి మాటకు బదులు చెప్పలేక పెరటిలోనికి బోయిరి. మేమును ఆనాడు చెప్పలేకపోతిమి. ఇప్పుడు చెప్పగలము.

మానవకణమునందు 46 క్రోమోసోములుండును. సగము తల్లినుండి, సగము తండ్రినుండి. (ఈ సంఖ్య 1956 వఱకును శాస్త్రజ్ఞులకే సరిగ దెలియదు, 48 అని లెక్కించుచుండిరి.) పిండమునకు ఈ లెక్క తప్పుటకు ముఖ్యస్థానము అండము. ఏలయనగా ఆడుబిడ్డ తన తల్లికడుపులో నున్నపుడే ఆమె అండములన్నియు ఏర్పడి, క్రోమోసోముల పంపకము సగములో నాగి, ఏండ్లతరబడి అట్లే కాచుకొనియుండును. 37 ఏండ్ల స్త్రీ అండము 37 ఏండ్లు కాచుకొన్నదే. ఆ జంటలను గట్టియుంచు బంధములు కాలక్రమమున సడలి, పంపకము నాడు ఒకటి అటునిటు జారును. దీనికి ఆమె తినినది, తిననిది, ఉద్యోగము చేసినది, బరువెత్తినది కారణము కాదు. పొగాకు మొదలగునవి మానుట మంచిదే. గాని, ఇరువదియేండ్ల అండమును తిరిగి తెచ్చు చూర్ణము గాని, మాత్ర గాని, ఉపవాసము గాని లేదు. ఉన్నదని యమ్మువారు చాలమంది కలరు.

2014 లో అమెరికా వైద్యులు 15,169 పిండముల పరీక్షలను కూర్చి ప్రకటించిరి. 26 మొదలు 30 ఏండ్ల నడుమ స్త్రీల పిండములలో దోషము తక్కువ. 35 నాటికి ఇంచుమించు మూడింట నొకటి. 40 నాటికి సగమునకు పైగా. ఆ మీదట త్వరగా హెచ్చును. అనగా మా ఆడపడుచునకు వచ్చినది వింత కాదు. ఆ వయస్సున నెందఱికో వచ్చునదియే.

మా వారు పెరటినుండి తిరిగి వచ్చి, జేబులోని రూపాయి నాణెమును బల్లపై బెట్టి, "చెల్లీ, మిశ్రమమైనవి కూడ కలిపి సగం చెడ్డవని అనుకో. మూడుసార్లు ఎగరేస్తే మూడుసార్లూ బొరుసే పడటం ఎంత అరుదు?" అని యడిగిరి. ఎనిమిదింట నొకమారు. "ఎనిమిదిమందిలో ఒక్కరికి ఇట్లా రావడానికి శాపం అక్కరలేదు. మూడు బొరుసులు పడినంత మాత్రాన నాలుగోది బొరుసే పడాలనీ లేదు." ఆమె నవ్వలేదు గాని, ఆనాటి కాఫీ చల్లారకముందే త్రాగినది. మూడు పిండముల నుండి తెలియునది కొంచెమే. ఐదు, పది పిండములు పరీక్షించి అన్నియు దోషములే యైనచో మాట వేఱు; అప్పుడు కాగితము గట్టిగ జెప్పుచున్నదని యొప్పుకొనవలసినదే.

ఇక ఆ కాగితమును జూతము. కేంద్రమువారు పంపినది సారాంశము మాత్రమే. ప్రయోగశాలవారి పూర్తి నివేదిక వేఱుగ నుండును. దానిని అడిగి తెప్పించుకొనుటకే మాకు పదునైదు దినములు పట్టినది. అడుగుటకు జంకవలదు, రుసుము చెల్లించినవారికి అది చెందవలసినదే. ఏ పిండమున ఏ క్రోమోసోము ఎక్కువ, ఏది తక్కువ యను వివరము అందుండును. పిండము ఆడయో మగయో మాత్రము అందుండదు, ఉండరాదు. 1994 నాటి చట్టము దానిని గట్టిగ నిషేధించినది. ఆ సంగతి అడుగుమని ఆమె అత్తవారి వైపు బంధువొకరు చెప్పి పంపిరి. ఇన్ని యగచాట్లలో నుండియు అది యడుగవలెనని తోచినందులకు మాకు నోట మాట రాలేదు.

మొదటి పిండమున 16వ క్రోమోసోము రెండుండుటకు మాఱు మూడున్నవి. గర్భస్రావములలో కానవచ్చు ఇట్టి హెచ్చు దోషములలో మిక్కిలి తఱచైనది ఇదియే. కణములన్నింట ఈ దోషమున్న పిండము బిడ్డగా పుట్టదు. రెండవదానియందు 15వది ఒక్కటే యున్నది. అదియు నిలుచునది కాదు. ఈ రెంటిని గూర్చి చింతించి ఫలము లేదని తెలిసినపుడు ఆమెకు దుఃఖముతో పాటు ఒకవిధమగు విశ్రాంతియు గలిగినది. "ఇవి కూడ పెట్టి ఉంటే, మళ్లీ మూడో నెల" అని మాత్రమనెను. పరీక్ష చేసిన మేలు అదియే. దానిని తక్కువ సేయరాదు.

మూడవది చిక్కు తెచ్చినది. మొజాయిక్ అనగా రంగురాళ్ల ముక్కలు పొదిగిన చిత్తరువు. తీసిన కణములలో కొన్ని సరిగను, కొన్ని దోషముతోను ఉన్నట్లు తోచినపుడు ఆ పేరు పెట్టుదురు. ఇచట సోదరీమణులు గ్రహింపవలసిన దొకటి కలదు. ఐదాఱు దినముల పిండమునందు నూఱు, అంతకు మించిన కణములుండును. పరీక్షకు తీయునవి ఐదు మొదలు పది వఱకే. అవియును బిడ్డ కాగల లోపలి ముద్దనుండి కాక, మాయ కాగల వెలుపలి పొరనుండి తీయుదురు. మాయను జూచి బిడ్డను ఊహించుటయన్నమాట. చాలవఱకు ఆ యూహ సరిపోవును. మిశ్రమమున్నచోట సందేహము మిగులును.

2015 లో రోము నగరపు వైద్యులు, నిర్దోషమైన పిండ మొక్కటియు లేని 18 మంది స్త్రీలకు, వారి సమ్మతితో ఇట్టి మిశ్రమపిండములనే గర్భమున నుంచిరి. ఆఱుగురు శిశువులు ఆరోగ్యముగ బుట్టిరి. అంతవఱకు పాఱవేయుచుండిన పిండములను మరల జూచుట అటుపిమ్మట లోకమున హెచ్చినది. నిర్దోషమైన వానికంటె ఇవి నిలుచుట తక్కువ, పోవుట ఎక్కువ. పుట్టినవారిలో మాత్రము చాలమంది ఆరోగ్యవంతులని చెప్పుచున్నారు. దోషకణముల పాలు తక్కువయైన కొలది ఆస ఎక్కువ. ఐతే అట్టి గర్భము నిలిచినచో, పదునాఱవ వారము ప్రాంతమున ఉమ్మనీటి పరీక్ష చేయించుకొనవలెను. అందేమైన గానవచ్చినచో మరల నొక కఠినమైన నిర్ణయము. ఆ భారము మోయగలమా యని ముందే అడుగుకొనక పిండము నుంచుకొనుట తగదని మా యభిప్రాయము.

ఈ సందర్భమున మాకు గాంధారి జ్ఞప్తికి వచ్చినది. రెండేండ్లు మోసి, కుంతికి కుమారుడు కలిగెనని విని, కడుపు బాదుకొనగా మాంసపిండమొకటి పడెను. ఆమె దానిని పాఱవేయబోవుచుండగా వ్యాసులవారు వచ్చి, తొందరపడవలదని, చల్లని నీట తడిపి, నేతికుండలలో నుంచి కాపాడుడనిరి. కొందఱు ఈ కథను జూపి మన పూర్వులకు ఐ.వి.ఎఫ్. తెలియునని వాదింతురు. మేమట్లనము, గాజుపాత్రలో ఫలించిన యండమునుండి తొలిబిడ్డ పుట్టినది 1978 జూలై 25న ఇంగ్లండులో, ఆ యక్టోబరు 3న మన కలకత్తాలో రెండవ బిడ్డ పుట్టినది. కథనుండి మేము గ్రహించినది ఇంతయే: దుఃఖము ముదిరిన గడియలో చేతనున్నదానిని పాఱవేయరాదు. ఆ మూడవ పిండమును నాశనము చేయుటకు సమ్మతిపత్రముపై సంతకము చేయుమని కేంద్రమువారు అడిగిరి. చేయవలదని మేము, మా వారు ఒక్క గొంతుతో జెప్పితిమి. ద్రవనైట్రోజనులో నున్నదానికి తొందరలేదు. ఏటేట నిలువరుసుము చెల్లించిన జాలును. మన దేశపు చట్టము పదేండ్లవఱకు ఉంచనిచ్చును.

తొందర ఉన్నది ఆమె వయస్సునకు. ఈ రెండు గడియారములు వేఱువేఱని తెలిసికొనుటకే మాకు కొంతకాలము పట్టినది. పిండము వయస్సు ఆగియున్నది. అండాశయము వయస్సు ఆగదు. కావున మిశ్రమపిండమును గూర్చి నెమ్మదిగ నాలోచింపవచ్చును. రెండవమారు అండములు తీయుటయా, మానుటయా యను ప్రశ్నకు మాత్రము కొలది మాసములలో బదులు చెప్పవలెను.

జన్యుశాస్త్రము చదివిన సలహాదారిణితో మాటలాడవలెనని కోరగా కేంద్రమువారు మొదట ఇష్టపడలేదు. రెండుమారులు వ్రాసిన పిదప ఏర్పాటు చేసిరి. ఆ వనిత ఒక గంటసేపు ఫోనులో ముఖాముఖి మాటలాడినది. ఏమియు అమ్మదలచని మనిషితో మాటలాడుట ఎంత యుపశమనమో అనాడు తెలిసినది. ఆమె తొలుత నడిగినది, ఆలుమగల రక్తపరీక్ష జరిగినదా యని. రెండుమారులు గర్భము పోయినవారిలో కొందఱికి, తల్లికో తండ్రికో క్రోమోసోముల తునకలు ఒకచోటినుండి వేఱొకచోటికి మాఱియుండుట కలదు. వారికి ఏ బాధయు నుండదు గాని పిండములకు దోషము వచ్చును. అట్లైనచో పరీక్షవిధానమే వేఱు. ఇన్ని లక్షలు వ్యయపఱచినవారు అంతకుముందు ఈ చిన్నపరీక్ష చేయింపలేదు! ఇద్దఱును రక్తమిచ్చిరి, నెలకు ఫలితము వచ్చినది, ఇద్దఱికిని సరిగనే యున్నది. మా మఱదిగారు (ఆడపడుచు భర్తను మే మట్లే పిలుతుము) ఆనాడు మొదటిసారి తన పేరుగల కాగితమును చేతబట్టి చూచుకొనిరి. అంతవఱకు కాగితములన్నియు ఆమె పేరిటనే.

మఱియొక ప్రశ్న మేమే యడిగితిమి. రెండవమారు పరీక్ష లేకయే పిండము నుంచుకొన్న నేమి? ఇది వెఱ్ఱిప్రశ్న కాదట. 2021 లో చైనా దేశమున, 20 మొదలు 37 ఏండ్ల వయస్సుగల 1,212 మంది స్త్రీలను రెండు తెగలుగ జేసి చూచిరి. వారందఱును మంచి పిండములు మూడైనను గలవారు. పరీక్షించి ఉంచినవారిలో నూటికి 77.2 మందికి, పరీక్షింపక ఉంచినవారిలో 81.8 మందికి బిడ్డలు కలిగిరి. పరీక్ష బియ్యములో రాళ్లేఱుట వంటిది; ఏఱినంతమాత్రమున గింజలు పెరుగవు; ఒక్కొక్కప్పుడు రాతితో పాటు మంచిగింజయు చేట దాటిపోవును. ఐతే రాయి పంటిక్రింద పడకుండుట యను లాభము కలదు. గర్భము పోవుటను రెండుమారులు చూచినవారికి ఆ లాభము చిన్నది కాదు. ఎవరికి ఏది బరువో వారే తూచుకొనవలెను. ఇరువదియెనిమిదేండ్ల స్త్రీకి చెప్పు మాట ముప్పదియేడేండ్ల స్త్రీకి చెప్పుమాట కాదు.

దోషయుక్తమని తేలిన పిండమునే మరల పరీక్షింపుడని వేడుకొనువారు కలరు. పరీక్ష తేలక, ఫలితమే రానపుడు మరల చేయుట యుక్తము. స్పష్టముగ తేలినదానిని మరల కరగించి, మరల గిల్లి, మరల గడ్డకట్టించుట పిండమునకే చేటు.

ఇంతలో ఇంట మాటలు మొదలైనవి. ఆమె అత్తగారు మంచివారే. గాని, "ఇంకొక కేంద్రం చూడండి" యని ఉదయమును, "ఇంక చాలించండి" యని సాయంకాలమును అనుచుండిరి. మా వైపువారు ఒక చూర్ణము పంపిరి. జ్యోతిష్కులొకరు నామమున నొక యక్షరము మార్చుమనిరి. మా మఱదిగారు మాత్రము ఏమియు పలుకలేదు. పురుషులు మౌనముగ నున్నచో భార్య యిష్టమునకు వదలితిమని తామనుకొందురు. భార్యకు మాత్రము ఆ మౌనము, దోషము నీదే కావున నిర్ణయమును నీదేనన్నట్లు వినబడును. మేము మా వారిచేత ఈ మాట ఆయనకు జెప్పించితిమి. కొంత కఠినముగనే చెప్పిరట. ఆ రాత్రి ఆయన, "అప్పు గురించి భయం. నీకు మళ్లీ ఏదన్నా అవుతుందేమోనని అంతకన్న భయం. అందుకే మాట రాలేదు" అనిరట. తొమ్మిదేండ్లలో అంతపాటి మాట అదియే మొదలని ఆమె మాతో చెప్పి ఏడ్చినది.

దాత యిచ్చిన అండముతో గర్భము ధరించు మార్గమును గూర్చి ఆ కేంద్రపు వైద్యురాలు తొలినాడే సూచించెను. ఇందు సత్యమేమనగా, పిండదోషము అండమిచ్చిన స్త్రీ వయస్సును బట్టి యుండునుగాని మోయు స్త్రీ వయస్సును బట్టి యుండదు. 2021 నాటి చట్టముచొప్పున దాత 23 ఏండ్లకు తక్కువ, 35 ఏండ్లకు ఎక్కువ యుండరాదు. జీవితమున ఒక్కమారే ఈయవలెను. ఏడు అండములకు మించి తీయరాదు. పుట్టిన బిడ్డపై ఆమెకు హక్కుండదు. బిడ్డ చట్టమున ఈ ఆలుమగల బిడ్డయే. రక్తము మనది కాదందురు కొందఱు. దేవకి గర్భమునుండి రోహిణి గర్భమునకు జేరి పెరిగిన బలరాముని లోకమంతయు రోహిణేయుడనియే పిలిచినది గదా! మోసి, కని, పాలిచ్చినదాని మాతృత్వమును శంకించు హక్కు ఇరుగుపొరుగువారికి ఎక్కడిది? ఇట్లు మేము చాల వాదించితిమి. ఆమె విని, "వదినా, తప్పని నేననలేదు. నాకింకా మనసు రాలేదు. వస్తే మీకే ముందు చెప్తాను" అనెను. మా వాదము అచ్చటితో మానితిమి. ధర్మము తెలియుట వేఱు, మనస్సు సిద్ధపడుట వేఱు. రెండవదానిని శ్లోకములతో తేలేము.

దత్తతను గూర్చి ముచ్చటించిన దాకాశమున మేఘమును జూచినట్లు గాక, లెక్క వేసికొనియే. ప్రభుత్వపు కేంద్రసంస్థయగు కారా వద్ద పేరు నమోదు చేయింపవలెను. రెండేండ్లలోపు బిడ్డను గోరు దంపతుల వయస్సులు రెండును కలిసి 85 మించరాదు. ఆయనకు 42, ఆమెకు 37, మొత్తము 79. ఏటికి రెండేసి చొప్పున పెరుగును గావున మూడేండ్లలో హద్దు వచ్చును. నమోదైన పిదపను బిడ్డ వచ్చుటకు ఏండ్లు పట్టుచున్నది. చికిత్సలన్నియు ముగిసినపిమ్మట చూచుకొందమను దంపతులు ఈ లెక్కను మఱచుచున్నారు. అప్పటికి అలసట మిగులును, వయస్సు మిగులదు. పైగా వచ్చు బిడ్డ, ఓటమి తరువాత మిగిలిన దారిగా ఇల్లు చేరరాదు గదా.

ఆగుట యను మార్గము కూడ కలదు. దీనిని గూర్చి ఎవ్వరును మాటలాడరు. ఇద్దఱును ఇద్దఱుగనే బ్రతికి, మేనల్లుండ్రను మేనకోడండ్రను చదివించుకొని, తమ పనులను ప్రేమించి జీవించిన దంపతులను మేమెఱుగుదుము. అది చికిత్స విఫలమైనవారికి పడిన శిక్ష కాదు, ఎన్నుకొనదగిన జీవితము. మా యింట ఆ మాట ఎత్తినది ఎవరో కాదు, మా అత్తగారు. 72 ఏండ్ల యా వృద్ధురాలు కూతు తలపై చేయి వేసి, "నువ్వు బాగుంటే నాకు మనవలున్నట్లే" యనిరి. ఇన్నాళ్లు ఆమెకు భయపడియే ఆడపడుచు ప్రతిపండుగకును పుట్టింటికి రాక మానుచుండెను.

దసరా సెలవులలో ఆలుమగలిద్దఱును వచ్చి నాలుగు దినములుండిరి. ఈసారి మేము సలహా చెప్పలేదు. వడియాలు పెట్టుకొనుచు వినుచుంటిమి. ఒక నోటుపుస్తకమున వారే వ్రాసికొనిరి. రెండవమారు అండములు తీయించుకొనుట, ఒక్కమారే. మరల పరీక్ష చేయించుట. నిర్దోషమైనది దొరికినచో దానిని, దొరకనిచో సలహాదారిణితో మరల మాటలాడి, దాచియుంచిన మిశ్రమపిండమును ఉంచుకొనుట. అదియు కానిచో ఇంక సూదులు లేవు. ఆ పంక్తిక్రింద మా మఱదిగారు రెండు గీతలు గీసిరి. కారాలో నమోదు మాత్రము దీనికై కాచియుండదు. దీపావళికి ముందే చేయించిరి. క్రొత్త అప్పు చేయరాదని యొక నియమము. అందులకై ఆమె రెండు గాజులు అమ్మబోగా, మా వారు తమ భవిష్యనిధినుండి కొంత తీసి యిచ్చిరి. ఆ సంగతి ఇందు వ్రాయవలదనిరి, వ్రాసితిమి.

ఈ వ్యాసమును అచ్చునకు బంపకముందు ఆమెకు చదివి వినిపించితిమి. ఒక వాక్యము కొట్టివేయించినది. అది మేము ఆమెపై జాలిపడుచు వ్రాసినది. తక్కినదంతయు ఉండవచ్చుననెను.

కార్తికమున రెండవమారు అండములు తీసిరి. పదకొండు వచ్చినవి; నాలుగు పిండములు పరీక్షకు పోయినవి. ఈ సంచిక మీ చేతికందునప్పటికి ఫలితము వచ్చియుండవచ్చును. ఈసారి ఫోనునకు వార్త పంపరాదనియు, ఇద్దఱును ఎదుట కూర్చుండగా నివేదిక యంతయు చదివి చెప్పవలెననియు ఆమె ముందుగనే కాగితముపై వ్రాసి, కేంద్రమువారిచేత అందినట్లు సంతకము చేయించుకొన్నది.